వేలిముద్ర పడని చేతులు

మట్టి, కొబ్బరి పీచు, మొగలి ఆకు, జీడి నూనె. వీటితో ముప్పై ఐదేళ్ళు పని చేశాను. పోయిన ఏడాది కుడి మణికట్టు మొరాయించింది. జల్లెడ పట్టుకుంటే చెయ్యి వణకడం మొదలైంది. పూండి దగ్గర అద్దెకి తీసుకున్న షెడ్డు ఖాళీ చేసి, సామాను పనికొచ్చే పిల్లలకి పంచేసి, టెక్కలిలో మా తమ్ముడి ఇంటి మేడ మీద గదిలోకి వచ్చేశాను. కళాకారులకి రిటైర్మెంట్ ఉండదని సభల్లో చెబుతారు. ఉంటుంది. నా విషయంలో ఆ కబురు మణికట్టు చెప్పింది.

ఇప్పుడు నా దగ్గరికి చదువుకున్న పిల్లలు వస్తుంటారు. "మేడమ్, మేం కూడా మట్టితో, ఆకులతో పని చేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతారు. అందరికీ కాఫీ ఇచ్చి అవే సంగతులు చెబుతున్నాను కాబట్టి, ఒకసారి రాసిపెడితే నాకూ వాళ్ళకీ శ్రమ తప్పుతుందనిపించింది. ఏ ఊళ్ళో ఏ ప్రదర్శన పెట్టాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. శాలువా కప్పించుకుని నేను నేర్చుకున్నదేమీ లేదు. నేర్చుకున్నదంతా చేసిన తప్పుల వల్లే. వాటిలోనూ పెద్దది ఒకటుంది. అది చెప్పడానికే కూర్చున్నాను.

మా మట్టి కాదు

మాది రావివలస. నాన్నగారు అర్చకులు. టెక్కలి కాలేజీలో వృక్షశాస్త్రం చదివాను. అక్కడ మా లెక్చరర్ ఒకాయన నేను గీసిన ఆకు బొమ్మ చాలాసేపు చూసి, "బాగుందమ్మా. కానీ ఇది నువ్వు చూసి గీసిన ఆకు కాదు, ఆకంటే ఇలా ఉంటుందని అనుకుని గీసినది" అన్నారు. ఆ మాటకి చిన్నబుచ్చుకున్నాను. అది అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

తర్వాత విశాఖపట్నంలో చిత్రకళ చదివి, తిరిగొచ్చి, పూండి దగ్గర జీడితోటల మధ్య ఒక పాత షెడ్డు అద్దెకి తీసుకున్నాను. నా మొదటి పెద్ద పని ఒక మట్టి పలక. తలుపంత ఉంటుంది. రావివలసలో మా పొలం గట్టు నుంచి రెండు బస్తాల బంకమట్టి తెచ్చి, కొబ్బరి పీచు కలిపి, పలకగా చేసి, దానికి ఆ జీడితోటల ప్రాంతం పేరే, 'ఉద్దానం' అని పెట్టాను. ఎండలో ఆరబెడుతుంటే పక్క కళ్ళంలోంచి ఒకావిడ వచ్చి నిలబడింది. నాకంటే పదేళ్ళు పెద్దది. నడుముకి కొంగు బిగించి ఉంది.

"ఏటి తల్లీ ఇది?"

"ఉద్దానమండీ. మన నేల" అన్నాను.

ఆవిడ వంగి పలక అంచు గిల్లి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ఇది మా మట్టి కాదు. మా మట్టి సేతికంటదు, జారిపోతాది. ఇది వరి మట్టి. నువ్వు రావలస పంతులుగోరి అమ్మాయివి కాదేటి?"

"అవును."

"మరి మన నేలంతన్నావేటి?" అంది నవ్వుతూ.

ఆవిడే పారమ్మ. భర్త పోయాడు, పిల్లలు లేరు. పలాసలో జీడిపిక్కల షెడ్డులో పనికి రోజూ ఆటోలో వెళ్ళొచ్చేది. మా రావివలసకీ పూండికీ మధ్య పట్టుమని గంట ప్రయాణం లేదు. ఆ గంట దూరంలోనే మట్టి మారిపోయింది. నేను మాత్రం జిల్లా అంతా నాదేననుకున్నాను. ఆ పలక మూడో రోజుకి నిలువునా పగిలింది. పారమ్మ చూసి, "ఒగ్గీ తల్లీ, మల్లీ సేద్దువు" అని, నాకు ఒక కొబ్బరి బొండాం కొట్టించి ఇచ్చింది. ఆ రోజు నుంచి ఆవిణ్ణి, అక్కడ అక్కని పిలిచినట్టు, అప్పా అని పిలవడం మొదలుపెట్టాను.

జీడి నూనె

పారమ్మప్ప నన్ను తను పనిచేసే షెడ్డుకి తీసుకెళ్ళింది. కాల్చిన జీడిపిక్కల పొగ గొంతులో పట్టుకుంటుంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని, చేతులకి ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని, పిక్కలు పగలగొట్టి పప్పు విరగకుండా తీస్తుంటారు. మూలన డబ్బాలో పిక్కల పెంకుల నుంచి వచ్చిన నూనె ఉంది. చిక్కటి తేనెరంగు. మనుషులు కాదు, ఎవరో దేవతలు వాడే రంగులా అనిపించింది నాకు. పడవలకి పురుగు పట్టకుండా పూస్తారని విన్నాను గానీ కళ్ళారా చూడటం అదే మొదలు. అడగకుండా రెండు వేళ్ళు ముంచేశాను.

సాయంత్రానికి బొబ్బలెక్కాయి. వారం రోజులు చెంచా పట్టుకోలేకపోయాను. పారమ్మప్ప కొబ్బరినూనె రాస్తూ తిట్టింది. "రంగు బాగుందని ముట్టీసుకోవడమేటి? నిప్పు బాగోదేటి? ముట్టుకుంతావా?"

పిల్లలకి ఇది గట్టిగా చెబుతాను. చెట్టు నుంచి వచ్చిందంటే మెత్తనిదని అనుకోకండి. ప్రతి పదార్థంతోనూ ఎవరో ఒకరు చిన్నప్పటినుంచీ మెలుగుతూ ఉంటారు. ముందు వాళ్ళ పక్కన కూర్చోండి. కుంచె తర్వాత.

చాలా ఏళ్ళ తర్వాత ఒకరోజు పారమ్మప్ప చేతులు దగ్గరగా చూశాను. వేళ్ళ చివర్లు నున్నగా ఉన్నాయి. చర్మం మీద ఉండాల్సిన సన్నటి గీతలు లేవు. ఎన్నో ఏళ్ళుగా నూనె తినేసింది. ఆమె పక్కన కూర్చునే నూకమ్మ చేతులూ అంతే. నాకు ఒళ్ళు జలదరించింది. ఆ జలదరింపులో బాధ ఎంత, మంచి బొమ్మ దొరికిందన్న సంబరం ఎంత అని ఇప్పుడు అడిగితే, సంబరమే ఎక్కువని ఒప్పుకుంటాను.

పన్నెండు గుడ్డలు

జీడిపిక్కల షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్ళని అడిగాను. మీ అరచేతి ముద్రలు గుడ్డ మీద వేస్తారా అని. ఈసారి మట్టి వాళ్ళ ఊరిదే తీసుకున్నాను. ఎర్రటి ఇసుకమట్టిని పాతచీరలో జల్లించి, చింతపిక్కల జిగురుతో కలిపాను. ఆదివారం వాళ్ళంతా నా దగ్గరికి వచ్చారు. నూకమ్మకి మట్టి చల్లగా తగలగానే కితకితలు పుట్టి నవ్వు ఆగలేదు. మూడుసార్లు గుడ్డ పాడుచేసింది. "ఉండండమ్మా, నాను నవ్వకుండా ఉంతాను" అని ఊపిరి బిగపట్టి, నాలుగోసారి చెయ్యి వేసి, తీయగానే మళ్ళీ పగలబడి నవ్వింది. ఆ రోజు నా వృత్తిలోకెల్లా సంతోషంగా గడిచిన రోజు.

పన్నెండు ముద్రల్లోనూ అరచెయ్యి గీతలు కొంత పడ్డాయి. వేళ్ళ చివర్లు మాత్రం ఖాళీ ఎర్ర చుక్కల్లా వచ్చాయి.

చెయ్యి కడుక్కుంటూ పారమ్మప్ప నాతో ఒక మాట అంది. "డిపోలో మిసను నా ఏలు తీసుకోట్లేదు తల్లీ. రెండు నెల్లయింది బియ్యం రాక. నువ్వు గుడ్డ మీద ఏయించుకున్నావు, దానికైతే పడినాది."

ఎంత గొప్ప మాట అనుకున్నాను. వెంటనే నోటుబుక్కు తీసి రాసుకున్నాను. రాసుకుని, బుక్కు మూసేసి, గుడ్డలు ఆరబెట్టే పనిలో పడ్డాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. ఆవిడ చెప్పింది తిండి సంగతి. నేను విన్నది వాక్యం.

పెద్దాయన

విశాఖపట్నంలో ఒక ప్రదర్శనశాల నడిపే పెద్దాయన దగ్గర అప్పట్లో నాకు ఉద్యోగం. వారానికి మూడు రోజులు అక్కడ, మిగతా రోజులు పూండిలో. ఆయన పేరు చెప్పను. ఆయన నాకు చాలా నేర్పారు. బొమ్మని మనిషి కళ్ళ ఎత్తులో ఎలా వేలాడదీయాలి, వెలుతురు ఎటునుంచి పడాలి, చూడటానికొచ్చిన వాళ్ళని ఎప్పుడు పలకరించాలి, ఎప్పుడు ఊరుకోవాలి. పనిచేసే కుర్రాళ్ళకి భోజనం పెట్టాకే తను తినేవారు. కేకలు వేసేవారు గానీ, వేసిన రోజు సాయంత్రం మిరపకాయ బజ్జీలు తెప్పించేవారు.

ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు పేర్లు పెట్టడం. ఏ బొమ్మకైనా పక్కన పెద్ద పెద్ద మాటలతో ఒక కాగితం ఉండాలి. నా పన్నెండు గుడ్డలూ ఒక్కొక్కటే చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, "దీనికి 'గుర్తింపు లేనివాళ్ళు' అని పెడదాం" అన్నారు. నా నోటుబుక్కులో పారమ్మప్ప మాట చూపించాను. అదీ కాగితం మీదికి ఎక్కింది. కింద నా గురించి 'ఉద్దానం బిడ్డ' అని రాశారు. నాది రావివలస అని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. బాగుంది కదా అని ఊరుకున్నాను.

ప్రదర్శనకి జనం బాగా వచ్చారు. కొందరు కన్నీళ్ళు పెట్టుకున్నారు.

రెండో వారం పారమ్మప్ప, నూకమ్మ పూండిలో ప్యాసింజరు ఎక్కి వచ్చారు. చెప్పకుండా వచ్చారు. మంచి చీరలు కట్టుకుని, నాకోసం సంచిలో జీడిమామిడి పళ్ళు తెచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చి, వాళ్ళ చేతులు గోడమీద చూసి, నూకమ్మ మళ్ళీ నవ్వు మొదలుపెట్టింది. పారమ్మప్ప కాగితం చూపించి, "ఏటి రాసినారు? సదువు" అంది.

చదివాను. పేరు చదవగానే ఆవిడ ముఖం మారిపోయింది.

"గుర్తింపు లేనోల్లా? ఎవులికి లేదు? మా ఈదిలో కుక్క కూడ నా అడుగు సప్పుడు గుర్తుపడతాది. గుర్తు లేంది మిసనుకి. నాకు కాదు."

మిగతాది కూడా చదివాను.

"కింద నాను సెప్పిన మాట కూడా రాసినావు. బియ్యం రాట్లేదని. అది నీకు సెప్పి నాలుగు నెల్లయింది తల్లీ. ఇంతమందికి సూపించినావు కదా, వొకలైనా డిపోకి వొచ్చి అడిగినారేటి?"

"లేదప్పా."

"నువ్వు అడిగినావా?"

దానికి కూడా లేదనే చెప్పాల్సి వచ్చింది.  ఆవిడ పళ్ళ సంచి నా చేతికిచ్చి, "ఎండకి మగ్గిపోతాయి, తినీ" అంది. ఆరు నెలలు పక్కింటివాళ్ళ బియ్యంతో, గంజితో నెట్టుకొచ్చిన మనిషి నాకు పళ్ళు మోసుకొచ్చింది. వాళ్ళని స్టేషన్‌లో రైలెక్కించి తిరిగొస్తుంటే, నేను చదివిన రెండు చదువులూ దేనికీ పనికిరానివిగా తోచాయి.

టెక్కలిలో కుర్చీ

మర్నాడే సెలవు పెట్టి రేషన్ డిపోకి వెళ్ళాను. డిపో ఆయన మంచివాడే. "నేనేం చెయ్యనండీ, పది వేళ్ళూ పెట్టించాను. నిమ్మకాయతో రుద్దించాను. మిషను ఒప్పుకోదు. ఆధార్‌లో కళ్ళు ఎక్కిస్తే కంటి మిషను మీద తీసుకోవచ్చు, అది మాకు వస్తోందంటున్నారు" అన్నాడు.

పారమ్మప్పని టెక్కలి తీసుకెళ్ళాను. ఆధార్ నమోదు చేసే గదిలో జనం కిక్కిరిసి ఉన్నారు. అంతకుముందు ఆవిడ ఒంటరిగా రెండుసార్లు వచ్చిందట. రెండుసార్లూ సాయంత్రం దాకా నిలబెట్టి రేపు రమ్మన్నారట. నేను బల్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడగానే అక్కడున్న పెద్దవయసు గుమస్తా తల ఎత్తాడు.

"మీరు రావివలస పంతులుగారి అమ్మాయి కదూ? కూర్చోండమ్మా, కూర్చోండి."

కుర్చీ ఒకటే. నాకు వేశారు. పారమ్మప్ప నా వెనక నిలబడి మెల్లగా అంది. "సూసినావా, నీకు ఏలక్కర్లేదు. నోరిప్పితే సాలు."

లేచి ఆవిణ్ణి కూర్చోబెట్టాను. అది గొప్పతనమని చెప్పడం లేదు, సిగ్గేసి లేచాను. పాతికేళ్ళకి పైగా నేనెవరు, నా నేల ఏది అని బొమ్మలు వేస్తున్నదాన్ని. నేనెవరో టెక్కలిలో గుమస్తాకి నాకంటే బాగా తెలుసు. నాన్నగారి పేరే నా వేలిముద్ర. అది ఏ నూనెకీ చెరగలేదు. ఉద్దానం బిడ్డనని రాయించుకున్నప్పుడు ఆ సంగతి దాచాను.

వేళ్ళు మళ్ళీ పడలేదు. కళ్ళు తీశారు. ఒక కంట్లో శుక్లం ఉంది, రెండోది మొదటిసారికి ఒప్పుకోలేదు. "పెద్దగా తెరవమ్మా" అని మిషను దగ్గరున్న అమ్మాయి అంటుంటే, పారమ్మప్ప కన్ను విప్పార్చి, "ఇంకెంత తెరవాలే, గుడ్డు బయటికి వొచ్చీదాకానా?" అంది. గదిలో జనం అంతా నవ్వారు. మూడోసారికి పడింది. కంటి మిషను డిపోకి రావడానికి ఇంకో నెల పట్టింది. ఈలోగా ఆ గుమస్తా చుట్టూ, మండలాఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. నూకమ్మనీ, మిగతావాళ్ళనీ ఒక్కొక్కరినే తీసుకెళ్ళాను. నా జీవితంలో ఆ నెలన్నరా ఒక్క బొమ్మ కూడా వెయ్యలేదు. పని మాత్రం చేశాననే అనుకుంటాను.

కాగితం తీసేశాను

విశాఖపట్నం వెళ్ళి పెద్దాయనతో, పేరు మార్చాలి, లేదా గుడ్డలు దించేస్తాను అన్నాను. ఆయనకి చాలా కోపం వచ్చింది. ప్రదర్శన మరో రెండు ఊళ్ళకి పంపడానికి మాట ఇచ్చేశారు.

"నువ్వు కళాకారిణివా, గ్రామ వాలంటీరువా?" అన్నారు.

"నాకు తెలీదండీ. కానీ ఆ కాగితం మీద ఉన్నది అబద్ధం. వాళ్ళ గురించీ, నా గురించీ కూడా."

"వాళ్ళకి సాయం చేశావు, మంచిదే. బొమ్మకీ దానికీ సంబంధం ఏమిటి?"

 గుడ్డలు దించి చుట్టుకుని వచ్చేశాను. ఉద్యోగం పోయింది. రెండేళ్ళు మాటల్లేవు. పిల్లలు ఇక్కడ నన్ను మెచ్చుకోబోతారు. వద్దు. నేను మొదటి రోజే నోరు విప్పి ఉంటే ఆయనకి అంత నష్టం, అవమానం జరిగేవి కావు. ఆయన నన్ను మోసం చెయ్యలేదు, నేను ఊరుకుంటే ఒప్పుకున్నానని అనుకున్నారు.

పెద్దాయన తర్వాత ఒకరోజు తనే పూండి వచ్చారు. పారమ్మప్ప ఆయనకి చేపల పులుసుతో అన్నం పెట్టింది. ఆయన చెయ్యి కడుక్కుని, "అమ్మా, ఆ బొమ్మకి ఏం పేరు పెట్టాలి?" అని అడిగారు.

"బొమ్మకి పేరెందుకు బాబూ? మాకు పేర్లున్నాయి కదా, అయ్యి రాయండి" అంది.

ఆయన చాలాసేపు నవ్వి, జేబులోంచి కలం తీసి, పన్నెండు పేర్లూ ఆవిడ చెబుతుంటే తన చేత్తో రాసుకున్నారు.

తుఫాను షెల్టర్‌లో

ఆ గుడ్డల్ని వాళ్ళ ఊళ్ళోనే తుఫాను షెల్టర్ హాల్లో పెట్టాం. పెద్దాయనే నిచ్చెనెక్కి తాళ్ళు కట్టారు. అప్పటికి నూకమ్మ లేదు. ఆ ఏడాది వానాకాలంలోనే జ్వరం వచ్చి పోయింది.

ఆడవాళ్ళంతా వచ్చి ఎవరి చెయ్యి ఎక్కడుందో వెతుక్కున్నారు. పేర్లు రాసిన చీటీలు ఇంకా అతికించనేలేదు, అయినా ఎవరూ తడబడలేదు. ఒకావిడ చిటికెన వేలు వంకర. ఇంకొకావిడకి బొటనవేలి మీద కత్తిపీట గాటు. ఇద్దరు తోడికోడళ్ళకి ఆ నెలలో మాటల్లేవు. మా చేతులు పక్కపక్కన వద్దన్నారు. పెద్దాయన నిచ్చెన మళ్ళీ ఎక్కి గుడ్డలు మార్చారు. బొమ్మలు వేలాడదీయడంలో ఇంత గట్టి కారణం తను ఎప్పుడూ వినలేదన్నారు.

అందరి వెనకా నూకమ్మ కూతురు ధనలక్ష్మి వచ్చింది. తల్లి గుడ్డ దగ్గర నిలబడింది. చుట్టూ చూసి, ఎవరూ వద్దనకపోతే, తన అరచెయ్యి తీసుకెళ్ళి తల్లి అరచెయ్యి మీద ఆనించింది. ఆమె వేళ్ళు ముద్రని దాటి బయటికి వచ్చాయి.

"మాయమ్మ సెయ్యి ఇంత సిన్నదేటి?" అంది. "నాకెప్పుడూ పెద్దదనిపించీది."

 పారమ్మప్ప వెళ్ళి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. కాసేపటికి ధనలక్ష్మి నా దగ్గరికి వచ్చి, "ఇది నాను తీసుకెల్లొచ్చా అమ్మా?" అని అడిగింది.

పెద్దాయన నా వైపు చూశారు. పన్నెండూ కలిస్తేనే ఆ పని ఒక పని అని మా ఇద్దరికీ తెలుసు. ఆయన నిచ్చెన తెచ్చేలోపే నేను బల్ల ఎక్కి, తాడు విప్పి, గుడ్డ మడతపెట్టకుండా చుట్టి ఆ పిల్ల చేతిలో పెట్టాను.  పెద్దాయన తను రాసుకున్న పేర్లలో నూకమ్మ పేరు మాత్రం కొట్టెయ్యకుండా చీటీ రాసి, ఖాళీ తాడు కింద అతికించారు.

ఆ తర్వాత ఆ గుడ్డలు చాలా చోట్లకి వెళ్ళాయి. ఎక్కడైనా పదకొండే. ఈ మధ్య దూరప్రాంతం నుంచి ఒక మ్యూజియంవాళ్ళు ఫోన్ చేసి, శాశ్వతంగా పెట్టుకుంటాం, కానీ పన్నెండూ కావాలి, ఆ కుటుంబాన్ని ఒప్పించగలరా అని అడిగారు. నా అభిప్రాయం చెప్పకుండా, అడిగి చెబుతానన్నాను. ధనలక్ష్మికి ఫోన్ చేశాను. అటునుంచి కుక్కర్ కూత వినిపిస్తోంది. అంతా విని, పొయ్యి తగ్గించి వచ్చి చెప్పింది.

"అమ్మ మా ఇంట్లోనే ఉంతాదండి. సూడాలంటే ఆల్లనే రమ్మనండి. అన్నం తిని ఎల్దురు."